తాళం తప్పింది పిల్ల కాదు!

సంక్రాంతికి విజయనగరం వెళ్లాను. కనుమ మర్నాడు వంటింట్లో కూర్చుని, మిగిలిన అరిసెలు డబ్బాల్లో సర్దుతున్నా. ముందు గదిలో అమ్మ పాఠం మొదలైంది. పాఠమంటే పిల్లలెవరూ ఎదురుగా ఉండరు. పీట మీద ట్యాబు, అది పడిపోకుండా వెనకాల ఇత్తడి చెంబు, ఇటు చాప మీద అమ్మ. అంతే.

సరళీ స్వరాలు మూడోకాలంలో నడుస్తున్నాయి. అమ్మ తొడ మీద తాళం వేస్తూ పాడుతోంది. అవతల విశాఖపట్నం నుంచి ఓ తొమ్మిదేళ్ల పిల్ల ఆవిడతో కలిపి పాడుతోంది. ఉన్నట్టుండి అమ్మ ఆపేసింది.

"మళ్లీ వెనకబడ్డావు. నెల రోజులుగా ఇదే వరస. తాళం అనేది లోపల్నుంచి రావాలి తల్లీ, నేను నూరిపోస్తే వచ్చేది కాదు. నీకది లేదు."

మిగతా నలుగురు పిల్లలూ వింటూండగానే అనేసింది. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి తెర మీంచి మాయమైంది. సాయంత్రానికి వాళ్లమ్మ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. పాపకి స్కూల్లో చదువు ఎక్కువైందనీ, కొన్నాళ్లు పాట మానిపిస్తున్నామనీ, ఏమీ అనుకోవద్దనీ. నాలుగు నెలల్లో ఇలా మానేసిన పిల్లల్లో ఈ అమ్మాయి మూడోది.

అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో పెట్టిన ఆ కాలేజీకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఆ మెట్లెక్కినవాళ్లకి తాళం దగ్గర రాజీ ఉండదు. నాన్నగారు పోయాక నా దగ్గరికి వచ్చెయ్యమన్నా రాలేదు. ఇంటి దగ్గరే పిల్లలకి పాఠాలు చెప్పుకుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి పిల్లల రాక ఆగిపోయినప్పుడు నేనే ట్యాబు కొనిచ్చి, ఎక్కడ నొక్కాలో ఫోన్లో చెప్పి, ఆన్‌లైన్లో పెట్టించాను. మందుల ఖర్చూ, కరెంటు బిల్లూ ఆ ఫీజుల మీదే నడుస్తాయి. "నా కాళ్ల మీద నేనున్నానే" అని అమ్మ అన్నప్పుడల్లా నాకూ గర్వంగానే ఉండేది.

ఆ రోజు మాత్రం అరిసెల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే నా ఉద్యోగమే ఆలస్యాన్ని కొలవడం. హైదరాబాదులో ఒక ఇంటర్నెట్ కంపెనీలో నెట్‌వర్క్ ప్లానింగ్ చూస్తాను. తాళం వెనకబడుతోందంటే అమ్మకి పిల్ల గుర్తొచ్చింది, నాకు తీగ గుర్తొచ్చింది.

రాత్రి భోజనాలయ్యాక చిన్న పరీక్ష పెట్టాను. మీరూ చేసి చూసుకోవచ్చు, ఖర్చేం లేదు. ముందు గదిలో ట్యాబు, వెనక గదిలో నా ఫోను, రెండూ ఒకే క్లాసులో చేర్చాను. ఫోను మైకు ఆపేశాను. అమ్మని వెనక గదిలో కూర్చోబెట్టి, మరో ఫోనులో రికార్డింగ్ పెట్టి, ముందు గదిలోకి వెళ్లి గట్టిగా చప్పట్లు కొట్టాను. తలుపులోంచి ఒక చప్పుడు, ఫోనులోంచి రెండో చప్పుడు. రికార్డింగులో రెండింటి మధ్యా కొలిస్తే 200 మిల్లీసెకన్ల పైచిలుకు. అంటే సెకనులో అయిదో వంతు.

"ఇంతేనా?" అంది అమ్మ.

అంతే కాదు. అమ్మ పాట పిల్లకి చేరడానికి ఒక అయిదో వంతు. దాన్ని విని పిల్ల కలిపిన గొంతు అమ్మకి తిరిగి రావడానికి మరో అయిదో వంతు. వెరసి 400 మిల్లీసెకన్లు. అమ్మ సెకనుకో దెబ్బ వేస్తుంది. మూడోకాలంలో దెబ్బకి నాలుగు స్వరాలు, అంటే ఒక్కో స్వరానికి 250 మిల్లీసెకన్లు. పిల్ల ఖచ్చితంగా తాళంలో పాడినా, అమ్మ చెవికి ఒకటిన్నర స్వరం వెనకే వినపడుతుంది. మొదటికాలంలో ఈ తేడా పెద్దగా తెలీదు. మిగతా పిల్లలు ఇంకా రెండోకాలం దాటలేదు కాబట్టి బతికిపోయారు.

ఇంకో తమాషా ఉంది. అమ్మని శ్రద్ధగా విని, ఆవిడ గొంతు వెంటే నడిచే పిల్లే ఎక్కువ వెనకబడినట్టు వినిపిస్తుంది. పాఠం బట్టీపట్టి ముందుకి పరుగెత్తే పిల్ల సరిగ్గా తాళంలో ఉన్నట్టు వినిపిస్తుంది!

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పిల్లది తప్పు పాడలేదన్నమాట" అంది. మళ్లీ కాసేపాగి, "అందరి ముందూ అన్నానే" అంది. ఆ రాత్రి పాలు తాగలేదు.

నీళ్లు ఆలస్యమైతే గొట్టం లావు చేస్తామా?

ఈ మాట చాలామంది నన్ను అడుగుతుంటారు. "మాది 100 ఎంబీ కనెక్షనండీ, అయినా మాట ఆలస్యంగా వెళ్తుందేంటి?" అని. మునిసిపాలిటీ కుళాయితో పోల్చి చెబుతుంటాను. గొట్టం లావుగా ఉంటే బిందె తొందరగా నిండుతుంది. కానీ ట్యాంకు ఊరి చివర ఉంటే, వదిలిన నీళ్లు మీ కుళాయి దాకా రావడానికి పట్టే టైము పడుతుంది. లావుకీ దూరానికీ సంబంధం లేదు.

గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఒక్కో కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు. వెయ్యి కిలోమీటర్లకి 5 మిల్లీసెకన్లు. అబ్బో, ఎంత తక్కువో అనిపిస్తుంది కదా? అయితే ఆ 200 ఎక్కడినుంచి వచ్చాయి? గొంతుని అంకెల్లోకి మార్చడం, ప్రతిధ్వని తీసెయ్యడం, వైఫైలో వంతు కోసం ఆగడం, ఆ యాప్ వాళ్ల కంప్యూటరు ఏ ఊళ్లో ఉంటే అక్కడిదాకా వెళ్లి రావడం, దారిలో కూడలి కూడలికీ క్యూలో నిలబడటం. వీటన్నిటికీ తోడు ఒక జాగ్రత్త కూడా ఉంది. మాటల ముక్కలు కొన్ని ముందూ కొన్ని వెనకా వస్తాయి. మధ్యలో తెగకుండా ఉండాలని యాప్ కొన్నిటిని పోగేసుకుని, అప్పుడు వినిపిస్తుంది. దారి ఎంత గతుకులమయమైతే అంత ఎక్కువ పోగెయ్యాలి.

మామూలు కబుర్లకి ఇది చాలు. ఒకవైపు 150 మిల్లీసెకన్ల లోపుంటే మాటలకి ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికం సంఘం లెక్క. కలిసి పాడాలంటే మాత్రం 25, 30 దాటకూడదు. గాలిలో శబ్దం అంత టైములో సుమారు పది మీటర్లే వెళ్తుంది. వేదిక మీద మృదంగం ఆయన్ని ఆ చివర గోడ దగ్గర కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదీ హద్దు.

అమ్మని ఓదార్చడానికి ఒక కథ చెప్పాను. 2001 సెప్టెంబరు 7న జాక్ మారెస్కో అనే డాక్టరు న్యూయార్కులో కూర్చుని, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఒకావిడకి రోబో చేతులతో పిత్తాశయం తీశారు. ఆవిడకీ అరవై ఎనిమిదేళ్లే. సముద్రం దాటి రానూపోనూ 14 వేల కిలోమీటర్లు. డాక్టరు చెయ్యి కదిపాక ఆ కదలిక తెర మీద కనిపించడానికి సగటున 155 మిల్లీసెకన్లు పట్టింది. దీనికోసం ప్రత్యేకంగా ఒక లైను కేటాయించారు. ఆపరేషన్ చక్కగా జరిగింది.

"చేశారు సరే, కలిసి పాడారా?" అంది అమ్మ. ఇంక నేనేం మాట్లాడను?

రోలు పోయి మిక్సీ వచ్చింది

హైదరాబాదు రాగానే ఆఫీసులో అమ్మ ఇంటి లైను దారి తీసి చూశాను. విజయనగరానికీ విశాఖకీ మధ్య అరవై కిలోమీటర్లు. బస్సెక్కితే గంటన్నర. అమ్మకీ ఆ పిల్లకీ ఉన్నది మా కంపెనీ కనెక్షనే. అయినా అమ్మ పాట హైదరాబాదు వస్తోంది, ఇక్కణ్నుంచి తిరిగి విశాఖ వెళ్తోంది. ఎందుకలా వెళ్తోందో చెప్పాలంటే మా పనిలో ఈ పదేళ్లలో వచ్చిన మార్పు చెప్పాలి.

మా అమ్మమ్మగారింట్లో పప్పు రుబ్బడానికి రోలు, పిండికి తిరగలి, దంపడానికి రోకలి వేరువేరుగా ఉండేవి. ఎక్కడ పాతిన రాయి అక్కడే. రుబ్బాలంటే మనమే రోలు దగ్గరికి వెళ్లాలి. ఇంటర్నెట్ కంపెనీల్లో కూడా ఒకప్పుడు అంతే. ఒక్కో పనికి ఒక్కో ఇనప్పెట్టె. ఖాతాదారుని గుర్తుపట్టి లోపలికి పంపే పెట్టె ఒకటి, దొంగల్ని ఆపే పెట్టె ఒకటి, చిరునామాలు మార్చే పెట్టె ఒకటి. లక్షలు ఖరీదు చేసేవి. అందుకని పెద్ద ఊళ్లో ఒక్కచోట పెట్టుకుని, అందరి రాకపోకలూ అటు తిప్పేవాళ్లం.

2012 అక్టోబరులో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పదమూడు పెద్ద టెలికం కంపెనీలు కలిసి ఒక పత్రం బయటపెట్టాయి. ఈ పనులన్నీ పెట్టెల్లోంచి తీసి సాఫ్ట్‌వేర్‌గా రాసి, బజార్లో దొరికే మామూలు సర్వర్ల మీద నడుపుదాం అన్నది దాని సారాంశం. అంటే మిక్సీ వచ్చిందన్నమాట. మోటారు ఒక్కటే, జార్లు మార్చుకుంటాం. ఇవాళ చట్నీ, రేపు కారప్పొడి. పైగా రోలు కదలదు గానీ మిక్సీని చంకన పెట్టుకుని కూతురింటికి కూడా తీసుకెళ్లొచ్చు. ఇలా పెట్టె వదిలి సాఫ్ట్‌వేరైన పనుల్ని వర్చువల్ నెట్‌వర్క్ ఫంక్షన్లు అంటారు. వాటిని హైదరాబాదులో కాకుండా ఖాతాదారుకి దగ్గరి ఊళ్లో, అంటే నెట్‌వర్క్ అంచున పెడితే ఆలస్యం తగ్గుతుంది. 2014లో యూరప్ ప్రమాణాల సంస్థ ఈ అంచు కంప్యూటర్ల కోసం విడిగా ఒక బృందాన్నే పెట్టింది. మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైన 5జీ ఫోన్లలోనూ ఇదే సూత్రం. ఎవరికి అనుమతి ఇవ్వాలో తేల్చే తలకాయ ఒకచోటా, మాటలూ బొమ్మలూ మోసే చేతులు ఇంకోచోటా ఉండొచ్చు.

సినిమాల సంగతి వేరు. వాటి కాపీలు ముందే మీ ఊరి దగ్గర్లో పెట్టి ఉంచుతారు, రాత్రి పాలు తోడేసినట్టు. పొద్దున్న ఎవరడిగినా పెరుగు సిద్ధం. అమ్మ ఇప్పుడు పాడబోయే పాటని ముందే ఎక్కడ తోడేసి పెడతాం?

అత్తయ్య చెప్పిన సంతకం

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. రెండేళ్ల కిందట కోస్తా జిల్లాల పని నాకే అప్పజెప్పారు. ఆరు రకాల పనులు, తొమ్మిది ఊళ్లు. ఏ పని ఎక్కడ పెట్టాలి? ఒక్కో పనిని తొమ్మిదింట్లో ఎక్కడైనా పెట్టొచ్చంటే మొత్తం 5,31,441 రకాలు. ఇంకో ఊరో ఇంకో పనో కలిపితే లెక్క కొండలా పెరుగుతుంది. గిడ్డంగులు ఎక్కడ కట్టాలన్న పాత లెక్కకి ఇది తమ్ముడు. పెద్ద నెట్‌వర్కుకి అన్నిటికన్నా మంచిదేదో ఖచ్చితంగా తేల్చాలంటే కంప్యూటర్లకీ పొద్దుపోదు. అందుకని అనుభవం మీద, ఉజ్జాయింపు సూత్రాల మీద లాగిస్తాం.

అన్నీ అంచునే పెట్టేస్తే పోలా అనొచ్చు. చిన్న ఊళ్లో మాకుండేది ఒక గది. అందులో రెండు మూడు సర్వర్లకే చోటు. కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ పోతే జనరేటరు, ఏసీకి దుమ్ము. చెడిపోతే రాత్రిపూట ఎవరు వెళ్తారు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఎలా చేసిందో చూసినవాళ్లం. అన్నీ ఒక్క గదిలో పెట్టడానికి భయమే. తొమ్మిది ఊళ్లలో పెడితే తొమ్మిదిచోట్లా ఖాళీ ఉంచుకోవాలి, అదో ఖర్చు.

అందుకని మధ్యేమార్గంగా ఖాతాదారుని గుర్తుపట్టే పనీ, చిరునామా పుస్తకం పనీ విశాఖలో పెట్టాను. చిరునామాలు మార్చే పని హైదరాబాదులోనే ఉంచాను. దాన్ని నాట్ అంటారు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు చాలక, వందల ఇళ్లకి కలిపి ఒక్క బయటి చిరునామా ఇస్తాం. ఏ వేళప్పుడు ఎవరికిచ్చామో రికార్డు ఉంచడం లైసెన్సు నిబంధన. ఆ రికార్డు ఒక్కచోట ఉంటే సుఖం కదా అనుకున్నా. కాగితం మీద అందంగా కనిపించింది. పై ఆఫీసరు మెచ్చుకున్నారు కూడా.

ఈ గొడవంతా ఆ రాత్రి వంకాయలు తరుగుతూ అత్తయ్యతో చెప్పాను. ఆవిడ పెద్దగా చదువుకోలేదు గానీ తాలూకాల కాలం నుంచీ ఆఫీసులు తిరిగిన మనిషి. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పటి సంగతి చెప్పారు.

"మాకు ఆఫీసు మూడు మైళ్లలోకి వచ్చిందని సంబరపడ్డామమ్మా. వెళ్తే అర్జీ తీసుకునేవాడున్నాడు, నంబరు వేసేవాడున్నాడు. సంతకం పెట్టే ఆయన మాత్రం ఇంకా పాత ఊళ్లోనే కాపురం. కొన్నాళ్లపాటు ముందు ఇక్కడికొచ్చి, తర్వాత అక్కడికెళ్లి, మళ్లీ ఇక్కడికి రావల్సొచ్చింది. అంతకన్నా తాలూకా రోజులే నయమనిపించింది."

నా కత్తిపీట ఆగిపోయింది. నేను చేసింది సరిగ్గా అదే! పనులు ఒకదాని తర్వాత ఒకటి వరసగా జరగాలి. వరసలో మొదటిది విశాఖలో, తర్వాతది హైదరాబాదులో పెడితే, మొదటిదాన్ని ముందుకి జరిపిన లాభం ఏముంది? విజయనగరంలో బయల్దేరిన పాట విశాఖ గదిని తాకి, సంతకానికి హైదరాబాదు వచ్చి, మళ్లీ విశాఖ వెళ్తోంది. ఆ సంతకం నేను కట్టిపెట్టింది.

నిజం చెప్పాలంటే అప్పట్లో లెక్క చూసే వదిలేశాను. తీగలో ఈ చుట్టుతిరుగుడుకి ఏడెనిమిది మిల్లీసెకన్లు, సాయంత్రం రద్దీలో క్యూలతో కలిపి పదిహేను దాకా. సినిమా చూసేవాళ్లకి ఇదేం తెలుస్తుంది అనుకున్నా. 200లో 15 పోతే నిజంగానే లెక్కలేదు. కానీ పాటకి మొత్తం ఉన్నదే 30. అందులో 15 పోతే సగం పోయినట్టే. పైగా రద్దీలో దారి గతుకులవుతుంది కాబట్టి పోగేసుకునే ముక్కలూ పెరుగుతాయి.

రెండు పనులు చెయ్యాల్సొచ్చింది. మొదటిది, వీడియో యాప్ వదిలెయ్యడం. దూరంగా ఉండి కలిసి వాయించుకునేవాళ్ల కోసమే తయారుచేసిన సాఫ్ట్‌వేర్లున్నాయి. జామ్యులస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జాక్‌ట్రిప్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. బొమ్మ ఉండదు, గొంతు మాత్రమే. అందరి గొంతులూ కలిపే చిన్న సర్వరు పాడేవాళ్లకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. దాన్ని విశాఖ గదిలో పరీక్షల కోసం ఉంచిన యంత్రం మీద పెట్టడానికి మా ఆఫీసరు ఒప్పుకున్నారు. పెట్టి చూస్తే ఏముంది, దాని దగ్గరికి వెళ్లాలన్నా హైదరాబాదు సంతకం కావాలి కదా! ఒకవైపు 50 మిల్లీసెకన్ల పైనే వచ్చింది. సర్వరుని పక్కింట్లో పెట్టి, తాళంచెవి ఊరవతల పెట్టినట్టు.

రెండోది నాట్‌ని విశాఖకి జరపడం. దీనికి నాలుగు నెలలు పట్టింది. "మీ అమ్మగారి పాటల క్లాసు కోసమా మేడమ్?" అని మీటింగులో ఒకాయన నవ్వారు. నాకు ఒళ్లు మండింది గానీ ఊరుకున్నా. విశాఖ నుంచి ఆన్‌లైన్ ఆటలాడే కుర్రాళ్ల ఫిర్యాదులు ఒక కట్ట ఉన్నాయి. అవి బల్ల మీద పెట్టాను. ఆలస్యం తగ్గించకపోతే వాళ్లు వేరే కంపెనీకి పోతారు అనగానే డబ్బు మంజూరైంది. సంగీతానికి రాని డబ్బు తుపాకీ ఆటలకి వచ్చింది! రికార్డుల చిక్కు పెద్దదేం కాదని తర్వాత తేలింది. విశాఖలో రాసుకుని హైదరాబాదుకి ఎప్పటికప్పుడు కాపీ పంపితే సరిపోయింది. రెండేళ్ల కిందటే అడగాల్సిన ప్రశ్న. విశాఖ యంత్రం మొరాయిస్తే పని దానంతటదే హైదరాబాదుకి మారే ఏర్పాటు కూడా చేశాం. రోలైతే అలా మారదు, మిక్సీ జారు కాబట్టి మారింది.

పాత లాప్‌టాప్ ఒకటి పట్టుకుని విజయనగరం వెళ్లాను. వైఫై తీసేసి వైరు పెట్టాను. తీగ లేని ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లు ఇది గమనించండి. బ్లూటూత్ ఒక్కటే చాలాసార్లు 100 నుంచి 200 మిల్లీసెకన్లు తినేస్తుంది. ఇంట్లోనే ఇంత పోగొట్టుకుని కంపెనీని తిట్టి లాభంలేదు. అమ్మ చెవుల్లో తీగ ఇయర్‌ఫోన్లు పెట్టాను. "స్టెతస్కోపులాగా ఇదేంటే" అని విసుక్కుంది. అవతల విశాఖలో మా పిన్ని కూతురు, ఆమెకీ పాట వచ్చు. ఇద్దరూ కలిసి సరళీ స్వరాలు మొదలుపెట్టారు. ఒకటోకాలం, రెండోకాలం, మూడోకాలం. ఒకవైపు 30 మిల్లీసెకన్లకి అటూ ఇటూ ఉంది. అమ్మ కళ్లు మూసుకుని ఆగకుండా పాడింది. మొహం చూపించాలని వీడియో కూడా పెడితే, గొంతు ముందొచ్చి చెయ్యి ఆలస్యంగా పడుతోంది. "ఆ బొమ్మ తీసెయ్యవే, కంగాళీగా ఉంది" అంది.

అందరికీ ఇది కుదరలేదు. ఫోను డేటా మీద పాడే పిల్లలకి ఆలస్యం ఎక్కువగానే ఉంది. వేరే కంపెనీ కనెక్షనున్న పిల్ల గొంతు ఎక్కడెక్కడో తిరిగొస్తోంది. వాళ్లకి అమ్మ పాత పద్ధతే పెట్టింది. తను పాడాక వాళ్లు పాడతారు, కలిపి కాదు. మూడోకాలం పాడేటప్పుడు తాళం వాళ్లనే వేసుకోమంటుంది. ఈ ఆలస్యం సంగతి తెలియని రోజుల్లో తనెందుకు ఇలా చెయ్యలేదా అని ఇప్పటికీ బాధపడుతుంది.

ఆ తొమ్మిదేళ్ల పిల్ల వాళ్లమ్మకి అమ్మ స్వయంగా ఫోన్ చేసింది. ఆవిడ మర్యాదగానే "చూద్దామండీ" అన్నారు. చూద్దామంటే తెలుసుగా. పిల్లని అప్పటికే డ్యాన్సులో చేర్పించారట. మిగతా ఇద్దరు పిల్లల వాళ్లు ఫోనే ఎత్తలేదు.

దసరా సెలవుల్లో ఆ పిల్లని తీసుకుని వాళ్ల నాన్నమ్మ విజయనగరం వచ్చారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వచ్చారు, పనిలో పనిగా ఇటు. నేనూ అక్కడే ఉన్నా. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడింది. అమ్మ చాప పరిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ట్యాబు లేదు, తీగ లేదు. మాయామాళవగౌళలో మూడోకాలం ఎత్తుకుంది. ఆ పిల్ల ఎనిమిది దెబ్బలూ ఎక్కడా చెదరకుండా పాడింది. రెండోసారీ అంతే. నాన్నమ్మగారు తాళం వేసే చేతిని చూస్తున్నారు, నేను అమ్మ మొహం చూస్తున్నాను.

"తాళం తప్పింది నువ్వు కాదమ్మా, నేనే తొందరపడి అన్నాను" అంది అమ్మ. పిల్లకి ఏమనాలో తెలీక నాన్నమ్మ వంక చూసింది.

ఇప్పుడా పిల్ల మంగళవారం సాయంత్రం ఆరింటికి వస్తుంది. డ్యాన్సు మానలేదు. పాట కూడా అన్నమాట. పోయిన మంగళవారం నేను ఆఫీసులో ఉండగా ఆరూ పదికి అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, మళ్లీ హైదరాబాదు మీంచి తిప్పుతున్నారా? ఒక్క క్షణం గొంతు తెగింది, తర్వాత్నుంచి పిల్ల వెనకబడుతోంది."

అదేం లేదమ్మా అంటూనే కంప్యూటరు చూశాను. విశాఖలో నాట్ నడుపుతున్న సర్వరు ఆగిపోయి, పని హైదరాబాదుకి మారింది. మాకు రావాల్సిన హెచ్చరిక మెసేజీ అమ్మ ఫోను పెట్టేసిన తర్వాత వచ్చింది.